బైపోలార్‌కి మందులు వాడుతున్నాను, పిల్లల్ని కనొచ్చా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 29. మాది కాకినాడ దగ్గర ఊరు. ఉద్యోగాల వల్ల హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో నాకు మొదటిసారి మేనియా (బైపోలార్‌లో మనసు అదుపు తప్పి ఉరకలెత్తే దశ) వచ్చింది. రోజుల తరబడి నిద్ర లేదు, చేతికందిన డబ్బంతా ఖర్చు పెట్టేశాను, చివరికి ఆసుపత్రిలో చేర్చారు. తర్వాత ఒకసారి డిప్రెషన్ వచ్చింది. మూడేళ్ల క్రితం బాగానే ఉన్నాను కదా అని మందులు మానేస్తే మళ్లీ మేనియా తిరగబెట్టింది. అప్పటినుంచి రోజుకి వాల్‌ప్రోయేట్ 1000 మిల్లీగ్రాములు, రాత్రి క్వెటియాపిన్ 200 వాడుతున్నాను. ఇప్పుడు నిద్ర, ఉద్యోగం అన్నీ బాగున్నాయి. పెళ్లయి రెండేళ్లయింది. మా ఆయనకి అన్నీ తెలుసు. అత్తగారికి మాత్రం తలనొప్పి మాత్రలని చెప్పాం. పిల్లలు కావాలనుకుంటున్నాం. మా అమ్మ 'ఆ మందులు వేసుకుంటే బిడ్డ అవకరంతో పుడుతుంది, ముందే అన్నీ మానెయ్' అంటోంది. మా పిన్ని కూతురు నర్సు. తనేమో 'నువ్వసలు ఆ జోలికి పోకు, ఎవర్నైనా పెంచుకో' అంది. ఇంటర్నెట్‌లో చదివితే టెన్షన్ ఇంకా పెరిగింది. పది రోజులుగా వాల్‌ప్రోయేట్ పొద్దుటి మాత్ర మానేశాను, ఎవరికీ చెప్పలేదు. పీరియడ్స్ నాకెప్పుడూ సరిగ్గా రావు. పెద్దగా జాగ్రత్తలు కూడా తీసుకోవడం లేదు. మందులు మానేస్తే మంచిదా? నా జబ్బు బిడ్డకి వస్తుందా? పాలివ్వొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు రెండు పనులు చేయండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. మెడికల్ షాపులో ప్రెగ్నెన్సీ కిట్ తెప్పించుకుని రేపు పొద్దున్నే పరీక్ష చేసుకోండి. లేదని వచ్చినా పీరియడ్ రాకపోతే వారం ఆగి మళ్లీ చేసుకోండి. వాల్‌ప్రోయేట్ వాడే ఆడపిల్లల్లో పీసీఓఎస్ (హార్మోన్లు అటూ ఇటూ అయి నెలసరి తప్పే సమస్య) కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. నెలసరి ఎలాగూ అటూ ఇటూ అవుతుంది కాబట్టి, కడుపు వచ్చిన సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. ఈ మందు విషయంలో అలా ఆలస్యమైతేనే నష్టం.

రెండోది, మీ సైకియాట్రిస్టుకి ఫోన్ చేసి 'పది రోజులుగా సగం డోసే వేసుకుంటున్నాను' అని చెప్పండి. తిడతారేమోనని మొహమాటపడకండి. సగం డోసు వల్ల మీకు రెండు వైపులా నష్టమే. జబ్బును పట్టి ఉంచడానికి అది చాలకపోవచ్చు, బిడ్డకు ప్రమాదం లేకుండా చేసేంత తక్కువా కాదు. మీ ఆయనకి కూడా ఈ రోజే చెప్పండి. నిద్ర తగ్గుతోందా, మాట వేగం పెరుగుతోందా అన్నది మీకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది.

కిట్‌లో రెండు గీతలు కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. భయంతో మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేయకండి, భయంతో అబార్షన్‌కి కూడా పరుగెత్తకండి. వాల్‌ప్రోయేట్ వాడిన తల్లులకు పుట్టిన బిడ్డల్లోనూ పదింట తొమ్మిదిమందికి పుట్టుకతో పెద్ద అవయవ లోపాలేవీ ఉండవు. వాల్‌ప్రోయేట్‌ను డాక్టరు చూసుకుని వీలైనంత తొందరగా ఆపిస్తారు, దాని బదులు ఏం వాడాలో అప్పుడే చెబుతారు, స్కాన్లు జాగ్రత్తగా చేయిస్తారు.

ఇక మీ అమ్మగారి మాట. అందులో సగం నిజం ఉంది. ఆ సగమంతా వాల్‌ప్రోయేట్‌కే చెందుతుంది.

ఏ మందూ వాడని తల్లులకు పుట్టే వందమంది పిల్లల్లోనూ ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. గర్భంతో ఉండగా వాల్‌ప్రోయేట్ వాడితే ఆ సంఖ్య వందకి పది దాకా పోతుంది. వెన్ను సరిగా మూసుకోకపోవడం, గుండె లోపాలు, అంగిలి చీలిక లాంటివి. డోసు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది, కానీ ఇంతకు తగ్గితే భయం లేదు అని చెప్పగల డోసు ఏదీ లేదు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. నెల తప్పి, అనుమానం వచ్చి, కిట్ తెచ్చుకుని, అపాయింట్‌మెంట్ దొరికి డాక్టరు ముందు కూర్చునేసరికి చాలామందిలో ఆ గడువు దాటిపోయి ఉంటుంది. ఈ మందును కడుపు వచ్చాక కాదు, రాకముందే మార్చాలని పట్టుబట్టేది అందుకే.

అవయవాల సంగతి స్కాన్‌లో కొంతవరకు తెలుస్తుంది. మెదడు ఎదుగుదల తెలియదు. కడుపులో ఉండగా వాల్‌ప్రోయేట్ సోకిన పిల్లల్లో 30 నుంచి 40 శాతం మందికి నడక, మాట ఆలస్యం కావడం, జ్ఞాపకశక్తి, చదువులో వెనకబడటం లాంటి ఎదుగుదల సమస్యలు కనిపించాయి. ఆటిజం కూడా మామూలు కన్నా ఎక్కువ. అవయవ లోపాలు చూసే టిఫా స్కాన్ బాగుందన్నారని ఇంటికొచ్చి మిఠాయి పంచిన తల్లిదండ్రులకు ఈ సంగతి బిడ్డకు మూడో ఏట తెలుస్తుంది. ఈ కారణంతోనే యూరప్‌లో 2018 నుంచి బైపోలార్ ఉన్న గర్భిణులకు ఈ మందు వాడకూడదని నిషేధించారు. పిల్లలు పుట్టే వయసులో ఉన్నవాళ్లకి కూడా గట్టి గర్భనిరోధం ఉంటేనే ఇవ్వాలని నిబంధన పెట్టారు. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి 55 ఏళ్లలోపు ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా కొత్తగా మొదలుపెట్టాలంటే ఇద్దరు స్పెషలిస్టులు ఒప్పుకోవాలి. మన దగ్గర మాత్రం పెళ్లీడు అమ్మాయిలకు ఈ మాత్ర ఇంకా సులువుగానే రాసేస్తున్నారు. చవక, మేనియాను తొందరగా అదుపు చేస్తుంది, నిజమే. కానీ రాసేటప్పుడే ఆ అమ్మాయికి ఈ మాట చెప్పాలి. పెళ్లయ్యాక ఇంటర్నెట్‌లో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదిది. మా వృత్తిలో వాళ్ల మీద నాకున్న ఫిర్యాదు ఇది.

ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే సరిపోతుంది కదా అని కొందరు అడుగుతారు. గర్భానికి ముందు నుంచే 5 మిల్లీగ్రాముల మాత్ర డాక్టర్లు రాస్తారు, వేసుకోండి. అయితే అది వాల్‌ప్రోయేట్ చేసే హానికి అడ్డుపడుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. అలా అని తేలలేదు.

ఇప్పుడు అమ్మగారి మాటలో రెండో సగం, 'అన్నీ మానెయ్' అన్నది. ఇది ఎంత ప్రమాదమో చెప్పడానికి నా దగ్గర లెక్కలున్నాయి గానీ, మీ ఉత్తరంలోనే సాక్ష్యం ఉంది. మూడేళ్ల క్రితం మానేశారు, మేనియా వచ్చింది. గర్భం వస్తే జబ్బు తనంతట తానే సద్దుమణుగుతుందని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకునేవారు. అమెరికాలో 89 మంది బైపోలార్ గర్భిణులను వెన్నంటి చూసిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. మూడ్ స్టెబిలైజర్ (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) మానేసిన వాళ్లలో 85 శాతం పైగా మందికి ప్రసవంలోపే జబ్బు తిరగబెట్టింది. కొనసాగించిన వాళ్లలో 37 శాతం మందికి. పెద్ద స్పెషలిస్టు క్లినిక్‌లకు వచ్చిన వాళ్లు కాబట్టి వీళ్లలో జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లే ఎక్కువ అనుకున్నా, తేడా చిన్నది కాదు. ఉన్నట్టుండి ఆపిన వాళ్లకి ఇంకా తొందరగా తిరగబెట్టింది.

మేనియా వస్తే బిడ్డకేం అవుతుందిలే, తల్లికే కదా అనుకుంటారు. తిండి ఉండదు, నిద్ర ఉండదు, స్కాన్లకు రారు, అర్ధరాత్రి బండేసుకుని వెళ్లిపోతారు. చివరికి ఆసుపత్రిలో చేర్చాక ఒక్క మాత్ర కూడా వద్దనుకున్న మనిషికి మూడు నాలుగు రకాల మందులు పెద్ద డోసుల్లో, ఇంజెక్షన్లతో సహా ఇవ్వాల్సి వస్తుంది. ముందే ఒక మందు, ఎంచుకుని, తగిన డోసులో వాడి ఉంటే బిడ్డకి అంతకన్నా చాలా తక్కువ మందు చేరేది.

అందుకని మీ విషయంలో చేయాల్సింది మందు మార్చడం. ఏది, ఎంత అన్నది మీ పాత రిపోర్టులన్నీ చూసిన డాక్టరు నిర్ణయించాలి. నా మొగ్గు ఎటో చెప్పమంటే చెబుతాను. మీకు క్వెటియాపిన్ ఇప్పటికే పడింది. మేనియాను ఆపడానికి 200 చిన్న డోసు. దాన్ని పెంచి, అది పట్టుకున్నాక వాల్‌ప్రోయేట్‌ను మెల్లగా తగ్గిస్తూ ఆపి, ఆ ఒక్క మందు మీద మీరు నిలకడగా ఉంటారేమో ముందు చూడాలి. గర్భంలో క్వెటియాపిన్ వాడిన వేలమంది తల్లుల లెక్కలు చూస్తే బిడ్డల్లో అవయవ లోపాలు చెప్పుకోదగ్గంత పెరగలేదు. తల్లి రక్తంలో ఉన్న మందులో దాదాపు నాలుగో వంతే బిడ్డకు చేరుతుంది. ఇదే కోవకు చెందిన ఓలంజపిన్‌లో ఇంతకు మూడు రెట్లు చేరుతుంది. అయితే బరువు, షుగర్ పెరిగే గుణం రెండిటికీ ఉంది. కాబట్టి గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్షను తప్పించుకోకండి, తీపి పదార్థాల దగ్గర జాగ్రత్త. మీ చీటీలో లేదు గానీ మరికొందరు చదువరుల కోసం ఒక మాట: రిస్పెరిడోన్ వాడేవాళ్లలో ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను పెరిగి గర్భమే నిలవకపోవచ్చు. ఎన్ని నెలలు ప్రయత్నించినా రాకపోతే గైనకాలజిస్టుకి ఈ మందు సంగతి చెప్పాలి.

క్వెటియాపిన్ ఒక్కటే చాలకపోతే తర్వాత వచ్చే పేరు లిథియం. దీని మీద భయం పాతది. 1970ల్లో లిథియం వాడిన తల్లుల బిడ్డల వివరాలు ఒక రిజిస్టరులో సేకరించారు. అందులో గుండె కవాటం కిందికి జారి ఏర్పడే ఎబ్‌స్టీన్ లోపం మామూలు కన్నా నాలుగు వందల రెట్లు ఎక్కువని తేలింది. కానీ లోపం ఉన్న బిడ్డల గురించే డాక్టర్లు ఎక్కువగా రాసి పంపేవారు, బాగా పుట్టిన వాళ్ల గురించి ఎవరు రాస్తారు? 1994లో మళ్లీ లెక్కలు చూసినప్పుడు అది వెయ్యి రెండువేల మందిలో ఒకరికి వచ్చే సంగతి అని తేలింది. 2017లో అమెరికాలో పెద్ద ఎత్తున లెక్కతీస్తే, మొదటి మూడు నెలల్లో లిథియం సోకిన బిడ్డల్లో గుండె లోపాలు వందకి 2.4, సోకని వాళ్లలో 1.15. రోజుకి 600 మిల్లీగ్రాములు, అంతకన్నా తక్కువ వాడిన వాళ్లలో తేడా నామమాత్రం, 900 దాటిన వాళ్లలో మూడు రెట్లు. అంటే ప్రమాదం లేదని కాదు, ఉంది. కానీ వాల్‌ప్రోయేట్‌తో పోలిస్తే చిన్నది, 20 వారాలు దాటాక కడుపులోని బిడ్డ గుండెను చూసే ఫీటల్ ఎకో స్కాన్‌లో చాలావరకు కనిపించేది, బిడ్డ మెదడు ఎదుగుదల మీద అలాంటి దెబ్బ కొట్టనిది.

లిథియం మొదలుపెడితే మాత్రం మన ఇళ్లలోని అలవాట్లతో దానికి పేచీ వస్తుంది. ఎవరూ ముందు చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. లిథియం ఒక లవణం. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే కిడ్నీలు దాన్ని బయటికి పంపకుండా పట్టుకుంటాయి, రక్తంలో స్థాయి పెరిగిపోతుంది. వేవిళ్లతో రోజంతా వాంతులైనా, కార్తీక సోమవారమని ఉపవాసం చేసినా, కాళ్లు వాచాయని ఎవరో చెప్పి చప్పిడి కూడు తిన్నా ఇదే జరుగుతుంది. నొప్పులకు మామూలుగా మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా ఈ స్థాయిని పెంచుతాయి. సిజేరియన్ అయ్యాక వార్డులో ఎక్కువగా ఇచ్చే ఇంజెక్షన్ డైక్లోఫెనాకే. మీ కేస్ షీటు మీద 'లిథియం వాడుతున్నారు' అని పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్ వాడుకోవచ్చు. చేతుల వణుకు ఎక్కువవడం, నడక తూలడం, నాలుక మందమవడం, విరేచనాలు కలిసి వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇది ఒక పక్క. ఇంకో పక్క, గర్భంలో కిడ్నీలు మామూలు కన్నా ఎక్కువ పనిచేస్తాయి, మందు తొందరగా బయటికి పోతుంది. అదే డోసు వేసుకుంటున్నా నాలుగైదు నెలలు వచ్చేసరికి రక్తంలో స్థాయి ఉన్నదాంట్లో మూడో వంతు దాకా తగ్గిపోతుంది. అందుకే నెలకోసారి, 36 వారాలు వచ్చాక వారానికోసారి లెవెల్ చూస్తారు. ఈ పరీక్ష రక్తాన్ని చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు తీయాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున్న తొమ్మిదికి. ల్యాబ్‌కి బయల్దేరే ముందు కాఫీతో పాటు పొద్దుటి మాత్ర కూడా వేసుకుని వెళ్తే రిపోర్టులో లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, కంగారుపడి డోసు తగ్గిస్తారు, నెలలోపు నిద్ర చెడిపోతుంది. పొద్దుటి డోసు ఉంటే దాన్ని రక్తమిచ్చాక వేసుకోండి. ప్రసవం కాగానే కిడ్నీలు పాత లెక్కకి వస్తాయి కాబట్టి, పెంచిన డోసును వెంటనే మళ్లీ కిందికి తేవాలి. పురిటి హడావుడిలో అందరూ మర్చిపోయేది సరిగ్గా ఇదే.

లామోట్రిజిన్ గురించి మీరు చదివే ఉంటారు. మూడ్ స్టెబిలైజర్లలో గర్భానికి అన్నిటికన్నా తక్కువ హాని చేసే మందు అదే, లోపాల లెక్క ఏ మందూ వాడని వాళ్లకు దగ్గరగానే ఉంటుంది. కానీ అది డిప్రెషన్ రాకుండా కాపాడినంతగా మేనియాను ఆపలేదు. మీది ప్రధానంగా మేనియా. కార్బమజెపిన్ మీకు అవసరం లేదు, దానికీ వెన్ను లోపాల ప్రమాదం ఉంది.

మందు మార్చే ఈ కాలమంతా గర్భం రాకుండా చూసుకోవాలి. కండోమ్ ఒక్కదాని మీదే భారం వేయకుండా గైనకాలజిస్టుతో మాట్లాడండి. వాల్‌ప్రోయేట్ పూర్తిగా ఆగి, కొత్త మందు మీద కనీసం కొన్ని నెలలు నిద్ర, మూడ్ స్థిరంగా ఉన్నాకే ప్రయత్నం మొదలుపెట్టాలి. 'వయసు మీద పడుతోంది' అని ఇంట్లో తొందరపెడతారు. మీకు 29. ఆరు నెలలు ఆగితే పోయేదేం లేదు.

గర్భం నిలిచాక స్కాన్ల వరస అందరికీ ఉన్నదే. 11 నుంచి 13 వారాల మధ్య బిడ్డ మెడ వెనక నీటి మందాన్ని కొలిచే ఎన్‌టీ, 18 నుంచి 22 వారాల మధ్య టిఫా, లిథియం ఉంటే ఫీటల్ ఎకో.

అసలు గండం ప్రసవం తర్వాత. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు, ఎవరి ఉత్తరంలోనూ ఉండదు. తొమ్మిది నెలలూ మందుల గురించి మథనపడి, బిడ్డ పుట్టగానే గట్టెక్కామనుకుంటారు. ఆడదాని జీవితంలో మేనియా, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు నమ్మే, కనిపించే స్థితి) వచ్చే అవకాశం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది కాన్పు అయిన మొదటి కొన్ని వారాల్లో. మామూలు తల్లుల్లో ప్రసవానంతర సైకోసిస్ వెయ్యికి ఒకరిద్దరికి వస్తే, బైపోలార్ ఉన్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి వస్తుంది. గర్భమంతా మందు లేకుండా నెట్టుకొచ్చిన బైపోలార్ తల్లుల్లో కాన్పు తర్వాత మూడింట రెండు వంతుల మందికి జబ్బు తిరగబెట్టిందనీ, మందు వాడిన వాళ్లలో నాలుగో వంతుకన్నా తక్కువేననీ అధ్యయనాలన్నీ కలిపి చూసిన లెక్కల్లో తేలింది. కాబట్టి ప్రసవమైన రోజు రాత్రి కూడా మీ మాత్ర మీకు అందాలి. ఆసుపత్రి బ్యాగులో బిడ్డ బట్టలతో పాటు మందుల స్ట్రిప్పులు, డాక్టరు చీటీ పెట్టుకోండి.

రెండో మందు నిద్ర. అది షాపులో దొరకదు, ఇంట్లోవాళ్లు ఇవ్వాలి. రెండు గంటలకోసారి లేచి పాలివ్వడం మామూలు బాలింతకు అలసట, మీకు అది జబ్బును రేపే కారణం. రాత్రి ఒక విడతగా ఐదారు గంటలు ఎవరూ లేపకుండా పడుకోవాలి. అంటే రాత్రి పదకొండు నుంచి తెల్లవారి నాలుగు దాకా బిడ్డ వేరే గదిలో, అమ్మమ్మ దగ్గరో నాన్న దగ్గరో ఉండాలి. పిండి పెట్టిన పాలో డబ్బా పాలో వాళ్లే పట్టాలి. 'తల్లి ఉండగా డబ్బా పాలేమిటి' అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఆ మాట ఏడో నెలలోనే అనిపించుకుని, అప్పుడే సర్దిచెప్పేసుకోండి. పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు బారసాల, చూడ్డానికొచ్చే చుట్టాలు, ఇల్లంతా సందడిగా ఉంటుంది. బారసాలను మూడో నెలకి జరుపుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఇంకొకటి, మన వైపు బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వరు, పొట్ట పెరుగుతుందని. లిథియం మీద ఉన్న బాలింతకు ఆ పథ్యం విషమవుతుంది. దాహమైనప్పుడల్లా తాగండి. మీ అమ్మగారికి డాక్టరు చేతే చెప్పించండి. కూతురు చెబితే వినని మాటలు కొన్ని డాక్టరు చెబితే వింటారు.

తొలి కాన్పు పుట్టింట్లో అంటారు కదా. మీ సైకియాట్రిస్టు హైదరాబాద్‌లో, కాన్పు కాకినాడలో అయితే మధ్యలో మిమ్మల్ని చూసేవాళ్లెవరు? హైదరాబాద్‌లోనే కని, అమ్మనే అక్కడికి పిలిపించుకోవడం నా దృష్టిలో మేలు. అలా కుదరకపోతే ఆరో నెలలోనే కాకినాడలో ఒక సైకియాట్రిస్టును కలిసి, మీ ఫైలు కాపీ ఇచ్చి, గైనకాలజిస్టుతో ఒకసారి మాట్లాడించండి. ప్రయాణం రాత్రి రైల్లో కాకుండా పగటిపూట పెట్టుకోండి.

కాన్పు తర్వాత ఇంట్లోవాళ్లు కనిపెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టదు, పైగా అలసటే లేదంటుంది. ఎడతెగని మాటలు, లేదా ఉన్నట్టుండి మౌనం. ఎవరో బిడ్డను ఎత్తుకుపోతారని, ఇది నా బిడ్డ కాదని అనుమానం. ఏ రోజో ఎక్కడున్నానో తెలియని అయోమయం. పొద్దున్న బాగుండి సాయంత్రానికి మారిపోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గాలి సోకిందని తాయెత్తు కట్టించి మూడు రోజులు చూద్దామనుకుంటే, ఆ మూడు రోజుల్లో తల్లికీ బిడ్డకీ ప్రాణాల మీదికి రావచ్చు. ఆ సమయంలో తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. అర్ధరాత్రి ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు ఉంది. ఎక్కడ చేర్చినా, మానసిక ఆసుపత్రిలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. తల్లి వల్ల బిడ్డకు అపాయమనిపిస్తే తప్ప. ఈ సంగతి మీ ఆయన తెలుసుకుని ఉండటం మంచిది.

పాల గురించి అడిగారు. క్వెటియాపిన్ పాలలోకి చాలా కొద్దిగా వెళ్తుంది, దాని మీద ఉండి పాలివ్వొచ్చు. బిడ్డ మరీ మత్తుగా ఉందా, పాలు సరిగా తాగుతోందా చూసుకుంటే చాలు. లిథియం పాలలోకి బాగానే వెళ్తుంది, పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ప్రమాదం కూడా. ఎక్కువమంది డాక్టర్లు వద్దంటారు, కొందరు బిడ్డకు రక్తపరీక్షలు చేయిస్తూ అనుమతిస్తారు. లిథియం మీద మీరు నిలకడగా ఉండి డబ్బా పాలు పట్టాల్సి వస్తే, పట్టండి. పాల కోసం లిథియం మానేయకండి.

జబ్బు బిడ్డకు వస్తుందా అంటే, తల్లిదండ్రుల్లో ఒకరికి బైపోలార్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పదింట ఒకటి, మామూలుగా వందకి ఒకటి. ఎక్కువే. కానీ పదిమందిలో తొమ్మిదిమందికి రాదన్నది కూడా అదే లెక్క. వచ్చినా ఆ ఇంట్లో దాన్ని గుర్తుపట్టగల అమ్మ ఉంటుంది, మీకు ఇరవైల్లో అలాంటివాళ్లు ఎవరూ లేకపోయారు. మీ చెల్లెలు నర్సు కాబట్టి కష్టాలే ఎక్కువ చూసి ఉంటుంది, ఆమె భయం అర్థం చేసుకోండి, సలహా మాత్రం పక్కన పెట్టండి. పెంచుకోవడం మంచి పనే, మీకు ఇష్టమైతే. ఈ జబ్బు ఉంది కాబట్టి అదొక్కటే దారి అనడం తప్పు.

మిగిలింది అత్తగారు. తలనొప్పి మాత్రల కథ ఇన్నాళ్లు నడిచింది గానీ, గర్భిణికి తలనొప్పి మాత్రలెందుకని ఆవిడే రేపు తీసి దాచేస్తారు, పైగా అది ప్రేమతోనే చేస్తారు. అన్నీ చెప్పాలని నేను అనను, మీ ఇంటి సంగతి మీకే తెలుసు. కానీ ఈ మాత్రలు కోడలు వేసుకోవాల్సినవి, ఆపితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం అన్న మేరకైనా ఆవిడకు తెలియాలి, అది కొడుకు నోటి నుంచి రావాలి. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీరిద్దరూ తర్వాత నిర్ణయించుకోవచ్చు.

ఈ వారం అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఇద్దరూ కలిసి వెళ్లండి. మొదటిసారి చేరినప్పటి డిశ్చార్జి కాగితం, ఇప్పుడు వాడుతున్న స్ట్రిప్పులు, పీరియడ్స్ తేదీలు వెంట తీసుకెళ్లండి. లిథియం మాట వస్తే థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ముందుగా చేయించమని అడగండి. 'పిల్లల్ని కనాలనుకుంటున్నాం, వాల్‌ప్రోయేట్ మార్చాలి' అని లోపలికి వెళ్లగానే చెప్పేయండి. చివర్లో చెబుదామనుకుంటే, బయట ఇంకా ముప్పై మంది ఉన్న ఓపీలో ఆ చివర రాదు.